గల్ఫు ప్రయాణమునకు ముందు రైతు చక్కబెట్టుకొనవలసిన పనులు

పీలేరు, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతములలో వానలు తప్పి బోరుబావులు ఎండిన ఏడు కువైటు ప్రయాణపు మాట వినబడని పల్లె అరుదు. పక్కనున్న రాయచోటి సీమలోను ఇదే తీరు. కొన్ని దశాబ్దములుగా సాగుచున్న ఈ రాకపోకల వలన మిద్దెలు లేచిన ఇండ్లున్నవి. ఉన్న రెండెకరములు అప్పుల పాలైన ఇండ్లును ఉన్నవి. ఈ తేడా చాలవరకు విమానము ఎక్కుటకు ముందు రెండు మూడు నెలలలోనే ఏర్పడుచున్నది. కనుక పోవలెనా, వద్దా అను విచారణ మీకే విడిచి, పోదలచినవారు ముందుగా చేసికొనవలసిన పనులను ఇచట తెలుపుచున్నాము.

మొదటిది పాసుపోర్టు. తిరుపతిలోని పాసుపోర్టు సేవా కేంద్రమునకు పోకముందే ఆధారు కార్డు, బడి సర్టిఫికెట్టు, పట్టాదారు పాసు పుస్తకము ముందర పెట్టుకొని పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నిటిలోను ఒకే తీరుగా ఉన్నవా చూచుకొనుడు. మన వైపు ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరముగను, మరొకచోట పూర్తిగను వ్రాయుట అలవాటు. ఇంటివద్ద ఇది చిన్న విషయమే, కాని పరదేశములో జీతపు ఖాతా తెరచునప్పుడు పెద్ద చిక్కగును. పదవ తరగతి ప్యాసు కానివారి పాసుపోర్టు సాధారణముగా 'వలస అనుమతి అవసరము' అను తరగతిలో చేరును. ఇట్టివారు కువైటు, సౌదీ, ఖతర్, ఒమాన్ మొదలగు 18 దేశములకు పనికి పోవుటకు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందితీరవలెను. ఇది 1983 నాటి వలసల చట్టములోని నియమము.

అనుమతి జంజాటము లేకుండ విజిటు వీసా మీద పంపెదమని, లేదా ముందు వేరొక దేశములో దింపి అచటినుండి కువైటు చేర్చెదమని చెప్పువారు ఊరూర కలరు. వారి మాట నమ్మరాదు. ఆ దారిని పోయినవారి పేరు ప్రభుత్వపు లెక్కలో ఉండదు, బీమా ఉండదు, జీతమీయకున్న అడుగుటకు ఒప్పందము ఉండదు. 'ఆజాద్ వీసా' అనునదియు ఇట్టిదే. ఒక యజమాని పేర వీసా కొని వేరొకచోట పని చేయుట అచటి చట్టమునకు విరుద్ధము. అకామా చెల్లక దాగియున్నవారు స్వదేశమునకు పోవుటకై కువైటు ప్రభుత్వము 2018లోను, 2024లోను క్షమాభిక్ష గడువులు ప్రకటించినది. ఆ గడువు కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచిన వారిలో మన జిల్లాలవారును ఉండిరి.

ఏజెంటు విషయములో రెండు ప్రశ్నలు చాలును. లైసెన్సు నంబరు ఏమి? రసీదు ఇచ్చెదరా? లైసెన్సు గల సంస్థల పట్టిక కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పుటలో ఉన్నది. గ్రామ సచివాలయ ఉద్యోగులు రెండు నిమిషములలో చూచి చెప్పగలరు, చెప్పవలెను కూడ. సేవా రుసుము రూ. 30,000లను మించరాదు, దానిపై పన్ను వేరు. అంతకు అనేక రెట్లు వసూలగుచున్న మాట అందరు ఎరిగినదే. లక్షన్నర రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిరనుకొనుడు. నెలకు వడ్డీయే రూ. 3,000 అగును. రెండేండ్లకు రూ. 72,000. అసలు అట్లే ఉండును. డబ్బు కట్టకముందే గల్ఫు దేశములు గుర్తించిన కేంద్రములో వైద్య పరీక్ష చేయించుకొనుడు. ఎప్పుడో నయమైన క్షయ మచ్చ ఛాతీ ఎక్స్‌రేలో కనబడినను అనర్హులుగా త్రోసివేయుట కలదు.

అనుమతి పొందునప్పుడే ప్రవాసీ భారతీయ బీమా చేయవలెను. రెండేండ్లకు రూ. 275, మూడేండ్లకు రూ. 375, పన్ను వేరు. ప్రమాదవశమున మరణము గాని శాశ్వత వైకల్యము గాని కలిగిన రూ. 10 లక్షలు వచ్చును. ఒక మూట యూరియా ధరకు కొంచెమే ఎక్కువ.

ఇంటిపనికి పోవు స్త్రీలు మరింత జాగ్రత్తపడవలెను. అనుమతి అవసరమైన పాసుపోర్టు గలవారికి 30 ఏండ్లు నిండవలెను. వయసు పెంచి వ్రాయించు మధ్యవర్తిని దగ్గరకు రానీయకుడు. కువైటులో 2015 నాటి ఇంటి పనివారి చట్టము ప్రకారము రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారమున ఒక దినము సెలవు ఈయవలెను. పాసుపోర్టును యజమాని తనవద్ద ఉంచుకొనరాదు. ఈ మూడు మాటలు పోవువారికి కంఠస్థముగా రావలెను. చట్టమున్నంత మాత్రమున అమలు జరుగునని కాదు, తెలియనివారు అడుగనే లేరు.

ఇక భూమి సంగతి. ప్రయాణపు తొందరలో దీనిని అందరు చివరకు నెట్టుచుందురు. అన్నదమ్ములకో, బావమరదికో నోటిమాటగా అప్పగించి పోవుట వాడుక. పొలము గుత్తకు ఇచ్చినచో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము నిర్ణయించిన 11 నెలల ఒప్పందము వ్రాసికొనుడు. దానివలన సాగుదారునకు పంట ఋణము, బీమా దొరకును. భూమిపై మీ హక్కునకు భంగము లేదు. ఈ-పంటలో మీ పేరే వ్రాయించి పోయినచో, వేలిముద్ర వేయవలసిన నాడు మీరు కువైటులో ఉందురు, నష్టపరిహారము ఎవరికిని రాదు. నిజముగా ఎవరు దున్నుచున్నారో వారి పేరే ఎక్కవలెను. మామిడి తోట గలవారు ఒకే కాపునకు గాక రెండు మూడు కాపులకు ఒకేసారి అమ్మి ఏజెంటుకు కట్టుట కనబడుచున్నది. తోటాపురి ధర ఏటేటా ఎట్లు ఊగుచున్నదో మీకు తెలియనిది కాదు. ఇది మిక్కిలి చౌకబేరము.

ముక్త్యారునామా అవసరమైన ఇచటనే, సబ్ రిజిస్ట్రారు వద్దనే వ్రాసి పోవుట మేలు. అచటినుండి పంపవలెనన్న రాయబార కార్యాలయములో ధ్రువీకరింపవలెను. అది మన దేశము చేరిన మూడు నెలలలోపున స్టాంపు వేయింపవలెను. ఏ పనులకై ఇచ్చుచున్నారో, గుత్త, బ్యాంకు, కరెంటు సర్వీసు అని పేరు పేరున వ్రాయుడు. అమ్మకపు అధికారము ఈయకుడు. పంట ఋణము గడువు తేదీని ఇంటివారికి వ్రాసి యిచ్చి పొండు. గడువు దాటిన వడ్డీ రాయితీ పోవును.

చాలమందికి తెలియని సంగతి మరొకటి కలదు. ఉద్యోగమునకై విదేశమునకు పోయినవారు విదేశ మారక చట్టము దృష్టిలో ప్రవాసులగుదురు. పూర్వము ఉన్న పొలమును, వారసత్వముగా వచ్చినదానిని ఉంచుకొనవచ్చును గాని, ప్రవాసిగా ఉన్నంత కాలము తమ పేర వ్యవసాయ భూమిని గాని తోటను గాని కొనరాదు. కువైటు డబ్బుతో పక్క చెలక కొనవలెనను ఆశతో పోవువారు ఇది ముందే తెలిసికొని, ఇంటివద్దనుండు భార్య పేర కొనుట వంటి మార్గమును బ్యాంకువారితో, రిజిస్ట్రేషను శాఖతో విచారించుకొనవలెను. పి.ఎం. కిసాన్ సాయమునకును ప్రవాసులు అర్హులు కారు. పొదుపు ఖాతాను కూడ ప్రవాసుల ఖాతాగా మార్పింపవలెను.

పాడి ఆవును అమ్మి టిక్కెట్టు కొనకుడు. మొదటి జీతము ఇల్లు చేరుటకు రెండు మూడు నెలలు పట్టవచ్చును. అంతవరకు ఇంటి ఖర్చు గడచునది పాల డబ్బుతోనే.

మూటలో ఏమి పెట్టవలెనో అనుదానికన్న ఏమి పెట్టరాదో ముఖ్యము. మసాలాలో గసగసాలు మనకు మామూలు. సౌదీ, యు.ఎ.ఇ., ఖతర్ దేశములలో అవి నిషిద్ధము, జైలు పాలు చేయగలవు. కువైటుకును వాటిని తీసికొనిపోరాదు. ఖైనీ, గుట్కా అసలే వద్దు. నొప్పి మాత్రలు, దగ్గు మందు డాక్టరు చీటీ లేకుండ పెట్టుకొనరాదు. ఊరివారు తమ బిడ్డకిమ్మని ఇచ్చు పొట్లమును మీ ఎదుట విప్పి చూడకుండ తీసికొనరాదు. అలిగినను సరే. వేసవిలో అచటి వేడిమి 50 డిగ్రీలు దాటును, కాని చలికాలపు రాత్రులు మన మదనపల్లెకు తీసిపోవు. ఒక దుప్పటి, ఒక స్వెట్టరు ఉంచుకొనుడు.

పాసుపోర్టు, వీసా, ఒప్పందము, బీమా పత్రము ఒక్కొక్కదానికి రెండేసి నకళ్లు తీసి, ఒకటి ఇంటిలోను, ఒకటి నమ్మకమైన బంధువు వద్దను ఉంచుడు. అరబ్బీలో ఉన్న కాగితమునకు అర్థము తెలియక సంతకము గాని వేలిముద్ర గాని వేయకుడు. ఆపద కలిగిన ఇంటివారు ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రమును 1800 11 3090 నంబరున ఉచితముగా పిలువవచ్చును. ఆ నంబరును ఇంటి గోడపై బొగ్గుతోనైనను వ్రాసి పొండు.