యూరాలజిస్ట్ బోర్డు మీద ఏం చూడాలి?

గురజాల, పిడుగురాళ్ల, మాచర్ల వైపు నుంచి చూస్తున్నవాళ్లూ, ఈ ఎపిసోడ్ మీకోసమే. మూత్రం దారిలో ఆపరేషన్ అంటే మనవాళ్లు నరసరావుపేటకో గుంటూరుకో బస్సెక్కుతారు. అంత దూరం వెళ్లేముందు ఏ డాక్టర్ ఏం చూస్తారో తెలియాలి కదా.

ముందు డిగ్రీలు. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్లు. తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు. ఆపైన ఎంసీహెచ్ యూరాలజీ ఇంకో 3 ఏళ్లు. అంటే యూరాలజిస్ట్ ముందు సర్జన్ అయ్యి, తర్వాత యూరాలజిస్ట్ అవుతారు. బోర్డు మీద డీఎం నెఫ్రాలజీ అని ఉంటే? ఆయనా కిడ్నీ డాక్టరే. కాకపోతే క్రియాటినిన్ పెరగడం, డయాలసిస్ లాంటివి మందులతో చూస్తారు. రాళ్లు, ప్రోస్టేట్, మూత్రం అడ్డుపడటం యూరాలజిస్ట్ పని.

కింద చిన్న అక్షరాల్లో ప్రత్యేక ఆసక్తి అని రాస్తారు. ఎండోయూరాలజీ అంటే సన్నటి గొట్టంతో లోపలికెళ్లి రాయి తీయడం. యూరో ఆంకాలజీ అంటే ఈ భాగాల క్యాన్సర్లు. ఆండ్రాలజీ అంటే మగవాళ్ల సంతానలేమి, లైంగిక సమస్యలు. మీ సమస్యకి సరిపోయేది చూసుకోండి.

ఇప్పుడు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, రాయి నొప్పి తగ్గితే రాయి పోయినట్టు కాదు. అది దారిలో ఇరుక్కుని, నొప్పి లేకుండానే కిడ్నీని పాడుచేయొచ్చు. అందుకే స్కానింగ్ మళ్లీ చేయించుకోవాలి. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

రెండోది కుర్రాళ్లకి. వృషణంలో ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వస్తే, అది మెలిపడి రక్తం అందడం ఆగిపోయి ఉండొచ్చు. సుమారు 6 గంటల లోపు ఆపరేషన్ చేస్తే దాదాపు కాపాడొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ తీసేయాల్సి రావచ్చు. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా, నొప్పి మాత్ర వేసుకుని పడుకునేది ఇక్కడే. అలాంటప్పుడు యూరాలజిస్టే కావాలని గుంటూరు దాకా వెళ్లక్కర్లేదు. దగ్గర్లో ఆపరేషన్ థియేటర్ ఉన్న జనరల్ సర్జన్ కూడా దీన్ని చేయగలరు. ఫోన్ చేసి, ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి.

రాళ్ల ఆపరేషన్లు చాలావరకు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద ఉన్నాయి. వెళ్లేటప్పుడు కార్డు, పాత స్కానింగ్ రిపోర్టులు పట్టుకెళ్లండి. ఈ వీడియో మీ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టండి. అడగడానికి మొహమాటపడేవాడు అందులో ఒకడైనా ఉంటాడు.