4.6 షెల్ స్క్రిప్టు ఎక్కడ ఆగాలి?

ఆదేశాలను వరుసగా ఒక ఫైలులో రాసి, క్రాన్ ద్వారా రోజూ నిర్ణీత సమయానికి నడిపించడం ఇంతకుముందు నేర్చుకున్నారు. నడిపించడం తేలిక. ఆగవలసిన చోట స్క్రిప్టు తనంతట తాను ఆగేలా రాయడమే కష్టం.

2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో జరిగినది గమనించండి. (నెల్లూరు తీరంలోని ఈ దీవి 2022 జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది.) గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డీ1 ఎగరడానికి 5 సెకన్లు ఉందనగా కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపివేసింది. చివరి నిమిషాలలో అక్కడ పనులను వరుసగా జరిపించేది ఆటోమేటిక్ లాంచ్ సీక్వెన్స్ అనే ఏర్పాటు. ఏదైనా తేడా కనిపిస్తే అది ముందుకు సాగదు. లోపాన్ని సరిచేశాక అదే ఉదయం 10 గంటలకు వాహనం నింగికెగిరింది.

షెల్ స్క్రిప్టుకు ఈ స్వభావం పుట్టుకతో రాదు. ఒక ఆదేశం విఫలమైనా బాష్ తరువాతి వరుసకు వెళ్లిపోతుంది. పాత బ్యాకప్‌లను తొలగించే స్క్రిప్టునే తీసుకోండి. మొదటి వరుసలోని 'సీడీ' బ్యాకప్ డైరెక్టరీలోకి వెళ్తుంది. రెండవ వరుసలోని 'ఆర్ఎమ్' అక్కడి ఫైళ్లన్నిటినీ తొలగిస్తుంది. ఆ డైరెక్టరీ పేరును ఎవరో మార్చారనుకోండి. 'సీడీ' విఫలమవుతుంది. 'ఆర్ఎమ్' మాత్రం ఆగదు, తాను ఉన్నచోటి ఫైళ్లనే తుడిచేస్తుంది. క్రాన్ నడిపినప్పుడు ఆ చోటు సాధారణంగా యూజరు హోమ్ డైరెక్టరీ!

అందుచేత ఈ రెండు ఆదేశాలను && గుర్తుతో కలపండి. మొదటిది సఫలమైతేనే, అంటే దాని ఎగ్జిట్ కోడ్ 0 అయితేనే, రెండవది నడుస్తుంది. స్క్రిప్టు ఆరంభంలో 'సెట్ -ఈ', 'సెట్ -యు' కూడా రాయండి. మొదటిది ఆదేశం విఫలమైనప్పుడు, రెండవది విలువ ఇవ్వని చరరాశి ఎదురైనప్పుడు స్క్రిప్టును ఆపుతాయి. అయితే 'సెట్ -ఈ'ని పూర్తిగా నమ్ముకోవద్దు. పైపుతో కలిపిన ఆదేశాలలో అది చివరిదాని ఫలితాన్నే చూస్తుంది. మిగిలినవాటి కోసం 'పైప్‌ఫెయిల్' ఐచ్ఛికాన్ని కూడా పెట్టాలి.

ఎగ్జిట్ కోడ్‌కు అందని ప్రమాదం ఇంకొకటి ఉంది. తీరప్రాంతంలో తుఫాను రోజులలో కరెంటు పోవడం, రావడం మామూలే. సర్వరు తిరిగి లేచినప్పుడు బ్యాకప్ డిస్కు మౌంట్ కాకపోవచ్చు. డైరెక్టరీ మాత్రం ఖాళీగా అక్కడే ఉంటుంది. 'సీడీ' సఫలమే, కాపీ సఫలమే. కానీ ఫైళ్లన్నీ ప్రధాన డిస్కులోకే చేరి దాన్ని నింపేస్తాయి. కాబట్టి కాపీకి ముందు 'మౌంట్‌పాయింట్' ఆదేశంతో పరీక్షించండి. డిస్కు లేకపోతే లాగ్‌లో ఒక వాక్యం రాసి, సున్నా కాని కోడ్‌తో బయటికి రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై తొలగింపు స్క్రిప్టులో 'ఆర్ఎమ్' స్థానంలో 'ఎకో' పెట్టి నడిపితే ఏమి తెలుస్తుంది?