కనుగుడ్ల అలజడి: దాగిన క్యాన్సర్‌కు తొలి సూచన

నిన్నటిదాకా చక్కగా నడిచిన పసిబిడ్డ హఠాత్తుగా తూలిపడుతున్నా, కనుగుడ్లు అదుపు తప్పి అన్ని దిక్కులకూ చకచకా కదులుతున్నా దానిని మామూలు నీరసంగా భావించరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ‘ఆప్సోక్లోనస్’గా పిలిచే ఈ కంటి అలజడితో కూడిన అరుదైన రుగ్మతను పసిపిల్లల్లో 1962లో డాక్టర్ మార్సెల్ కిన్స్‌బోర్న్ వివరించారు. దీనికి గురైన పిల్లల్లో దాదాపు సగం మందికి ‘న్యూరోబ్లాస్టోమా’ అనే క్యాన్సర్ కణితి ఉన్నట్లు పరీక్షల్లో బయటపడుతోంది. ఇది తరచుగా మూత్రపిండంపై ఉండే అడ్రినల్ గ్రంథిలో పుడుతుంది. కణితిపై పోరాడే రోగనిరోధక శక్తి పొరపాటున మెదడు కణాలపైనా దాడి చేయడమే ఇందుకు కారణమని నిపుణులు భావిస్తున్నారు. పెద్దవారిలో ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్లు కూడా ఇలా బయటపడవచ్చు. ఈ లక్షణంతో పట్టుబడిన పిల్లల కణితులు చాలావరకు నయమవుతాయి. అయితే మాట, చదువు కుంటుపడే ప్రమాదం మిగిలే ఉంటుంది. అందువల్ల ఛాతీ, కడుపు స్కానింగ్‌లో జాప్యం తగదు.