చూరున వరికంకుల కుచ్చు

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు తప్పనిసరిగా జరిగేవి. ఒకటి వాకిట్లో ముగ్గులు. అది మా మామ్మ అధికారం. రెండవది పిచ్చుకలకు కుచ్చు కట్టించటం. దాన్ని మా తాతయ్యగారు మరొకరికి వదిలిపెట్టేవారు కారు. కళ్ళంలో నుంచి బస్తాలు ఇంటికి చేరక మునుపే మంచి కంకులు ఏరించి, కుచ్చు అల్లించి, వీధి అరుగు మీద వాసానికి వేలాడదీయించేవారు. “మన గాదె నిండింది గదా, వాటి సంగతేమిటి?” అనేవారు.

గోదావరి జిల్లాల వారికి ఈ కుచ్చును గురించి వేరే చెప్పనక్కరలేదు. తక్కిన పాఠకుల కోసం చెబుతున్నాను. కాడతో సహా కోసిన వరికంకులను జడలా అల్లి, ఆ జడను గుండ్రంగా చుట్టలు చుట్టి, కంకులన్నీ బయటికి జాలువారేటట్లు కట్టిన బంగారురంగు గుత్తి అది. ఇళ్ళ చూరులకూ, గుళ్ళలో మండపాలకూ కడతారు. పిచ్చుక వచ్చి కంకిని కాళ్ళతో పట్టుకుని, ఊయల ఊగుతూ, వడ్లగింజను ముక్కున కరచి, ఊక ఒలిచి, బియ్యం మాత్రం తిని పోతుంది. కింద అరుగంతా ఊక! మా మామ్మ చిమ్మలేక గొణిగేది గాని, కుచ్చు తీసెయ్యమని ఏనాడూ అనలేదు.

ఇలాంటి ఆచారం మనకొక్కరికే ఉందనుకోనక్కరలేదు. నార్వే, స్వీడన్ దేశాల్లో క్రిస్మసు నాడు ఓట్ల పనను ఒక గడకు కట్టి పక్షుల కోసం నిలబెడతారు. అక్కడ నేలంతా మంచు కప్పేస్తే పిట్టకు గింజ దొరకదు. ఇంగ్లండులో అయితే పశువుల కొవ్వు కరిగించి, అందులో గింజలు కలిపి ముద్దలు చేసి చెట్లకు కడతారు. మన ఎండకు ఆ ముద్ద కారిపోవటమో, కంపు కొట్టటమో ఖాయం. పైగా మన శీతాకాలం కోతల కాలం, పిట్టకు కరువు లేని కాలం. కనుక మన కుచ్చు అన్నసత్రం కాదు, పంటలో వాటా. కోతలయిపోయి చేలు ఖాళీ అయ్యాక కూడా ఆ వాటా కొన్నాళ్ళు చూరున నిలిచి ఉంటుంది.

నిరుడు సంక్రాంతికి ముందు నాకూ ఒక కుచ్చు కట్టాలని బుద్ధి పుట్టి మా ఊరు వెళ్ళాను. తీరా చూస్తే చేలన్నీ యంత్రంతో కోయిస్తున్నారు. అది ఒక్క ఊపున కోసి, నూర్చి, గింజను ట్రాక్టరులో పోసి, గడ్డిని తుక్కు చేసి వెనక్కి విసిరేస్తుంది. పనలు లేవు, కుప్పలు లేవు, నూర్పిళ్ళు లేవు. కూలీలు దొరకని రోజుల్లో రైతును తప్పు పట్టలేము. కాని కాడతో ఉన్న కంకి ఊరు మొత్తం మీద కనబడలేదు! కొత్త రకాల గడ్డి పొట్టిది గనుకనే కుచ్చులు పోయాయని కొందరంటారు. అక్కుళ్ళు వంటి పాత రకాలు పొడుగువే, 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ పొట్టిదే. అయితే కుచ్చుకు మూరెడు కాడ చాలు. అది స్వర్ణకూ ఉంది. దాన్ని కొడవలితో కోసే చెయ్యే కరువైంది.

చివరకు గట్టుమూల యంత్రానికి అందని కాసిని కంకులు నేనే కోసి, అల్లటం మొదలుపెట్టాను. పట్టుకున్న కాడల్లా పుటుక్కుమంది, గింజలు జలజల రాలాయి. ఒకప్పుడు మా పొలం చేసిన తాత అరుగు మీద కూర్చుని చూస్తూ నవ్వాడు.

“ఆయ్, మాస్టారూ, ఎండుగడ్డి మన మాట వినదండి. గింజ పండి, కాడలో కాస్త పచ్చి ఉండగానే కొయ్యాలండి.”

“ఇప్పుడేం చెయ్యను తాతా?”

“కాడల మీద నీళ్ళు చల్లి, తడి గోనెపట్టాలో ఓ గంట చుట్టి ఉంచండి. కంకికి మటుకు తడి తగలనివ్వకండి.”

అలాగే చేశాను. అయిదేసి కంకుల చొప్పున జడలో కలుపుతూ, పురికొసతో బిగిస్తూ కట్టటం ఆయన చూపించాడు. ఆయన వేళ్ళు చేసిన పనిలో పావు వంతు నా వేళ్ళకు రాలేదు. అదయినా దక్కిందా? నీడలో రెండు రోజులు ఆరనివ్వమంటే తొందరపడి ఆనాడే సంచిలో కుక్కి రాజమండ్రి తెచ్చాను. బూజు పట్టింది. బూజు పట్టిన గింజ పిట్టలకు చేటు గనుక పారవేశాను.

కుచ్చు కట్టేవారు మరి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పిల్లికి అందకూడదు, తిరిగే ఫ్యాను దగ్గర అసలే ఉండకూడదు. పక్కన మట్టిమూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చాలి. ఉప్పూ నూనే తగిలిన మిగుళ్ళు పెట్టి పుణ్యం వచ్చిందనుకోవద్దు.

అయితే కుచ్చు కట్టినంత మాత్రాన పిచ్చుకలు పెరుగుతాయా అంటే, పెరగవు. పిచ్చుక పిల్లకు మొదటి రోజుల్లో కావలసింది పురుగులు, వడ్లు కావు. గూటికి చోటు కావాలి. పెంకుటిళ్ళలో వాసాల సందులూ, గోడకు వంచి కట్టిన దేవుళ్ళ పటాల వెనుకా అవి కాపురాలు పెట్టేవి. నున్నటి శ్లాబుకు సందేదీ? 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుతున్నారు. 2020లో వెలువడిన భారతదేశపు పక్షుల నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకలు నిలకడగానే ఉన్నా, హైదరాబాదు, చెన్నై వంటి మహానగరాల్లో తగ్గుతున్నాయి. అందుకని మా వరండాలో కన్నం పెట్టిన చెక్కపెట్టె కూడా ఒకటి బిగించాను.

ఈ ఏడు యంత్రం రాకముందే గట్టువార నాలుగు గజాలు కొడవలితో కోయించి ఉంచాను. తాతకు చూపు ఆనటం లేదు. ఇంటరు చదువుతున్న ఆయన మనుమరాలు తడిగోనె పరచుకుని కూర్చుంది. తాత చెబుతుంటే మూడు కుచ్చులు కట్టింది. ఒకటి గుడికి, ఒకటి మా పాత అరుగుకు. మూడవది బాగా ఆరిన తరువాతనే రాజమండ్రి తెచ్చాను.

నాలుగు రోజులు ఒక్క పిట్ట వాలలేదు. అయిదోనాడు పొద్దున్నే నేను కాఫీ గ్లాసుతో వరండాలోకి వెళ్ళబోతుంటే మా అమ్మాయి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

“నాన్నగారూ, చప్పుడు చెయ్యకండి. రెండొచ్చాయి.”