మెటల్ డిటెక్టర్ షాఫ్టును మీ శరీరానికి తగినట్లు అమర్చుకోవడం

గత భాగంలో మెటల్ డిటెక్టర్ కాయిల్ నేలలోని లోహాన్ని ఎలా గుర్తిస్తుందో చదివారు. ఈ భాగంలో పరికరాన్ని పట్టుకోవడం గురించి తెలుసుకుంటారు. ఇది చిన్న విషయమేనని దాటవేయకండి. క్షేత్ర శిక్షణలో పరికరం చేతికి రాగానే చాలామంది విద్యార్థులు స్విచ్ వేసి నడక మొదలుపెడతారు. అంతకుముందు వాడినవారి ఎత్తుకు అమర్చిన షాఫ్టుతోనే పని కానిచ్చేస్తారు. అరగంట గడిచేసరికి నడుము పట్టేస్తుంది. గంట గడిచేసరికి చెయ్యి బరువెక్కి, కాయిల్ నేలకు దూరంగా లేచి ఊగుతూ ఉంటుంది. పరికరం అప్పుడూ పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది, కానీ వినిపించవలసినవి వినిపించవు.

కాయిల్ ఎత్తు ఎందుకంత ముఖ్యమో చూద్దాం. కాయిల్ నేలపై నుంచి 5 సెం.మీ. అదనంగా లేస్తే, నేల లోపల చేరగల లోతులో ఆ 5 సెం.మీ. పోయినట్లే. అంతేకాదు, కాయిల్ నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం దూరంతో వేగంగా బలహీనపడుతుంది. వస్తువు నుంచి తిరిగి వచ్చే స్పందన కూడా అలాగే తగ్గుతుంది. చిన్న వస్తువు కాయిల్ వెడల్పుతో పోలిస్తే బాగా దూరంలో ఉన్నప్పుడు, ఆ దూరం రెట్టింపైతే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. కాబట్టి అలసిన చెయ్యి ఎత్తిన నాలుగు వేళ్ల ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది.

సర్వే పటంలో ఖాళీలు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి ఉంది. 1876 జూన్ 25న లకోటా, షయెన్ యోధులు కస్టర్ నాయకత్వంలోని అశ్వికదళాన్ని ఓడించింది ఇక్కడే. 1983 ఆగస్టులో అక్కడి గడ్డి తగలబడి నేల బయటపడింది. మరుసటి సంవత్సరం డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు పరిశోధకులు అక్కడ మెటల్ డిటెక్టర్లతో క్రమబద్ధమైన సర్వే ప్రారంభించారు. స్వచ్ఛంద కార్యకర్తలు సుమారు 5 మీటర్ల ఎడంతో వరుసగా నడిచారు. సంకేతం వచ్చిన ప్రతిచోటా జెండా గుచ్చారు. వెనుక వచ్చినవారు వస్తువును బయటికి తీసి, దాని స్థానాన్ని నమోదు చేశారు. తూటా గొట్టాలపై తుపాకీ సూది చేసిన గుర్తులను పోల్చి, ఒకే తుపాకీ యుద్ధభూమిలో ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో తెలుసుకోగలిగారు.

ఇలాంటి పటంలో చుక్కలకు ఎంత విలువ ఉందో, ఖాళీలకూ అంతే విలువ ఉంటుంది. ఒకచోట తూటాలు దొరకలేదంటే అక్కడ పోరు జరగలేదని అనుకోవడానికి అవకాశం ఉంది. కానీ ఆ వరుసలో నడిచిన వ్యక్తి పొడవు చాలని షాఫ్టుతో వంగి వంగి అలసిపోయి ఉంటే? అప్పుడు ఆ ఖాళీ యుద్ధం గురించి ఏమీ చెప్పదు. అది ఒక మనిషి నడుము నొప్పి గురించి చెబుతుంది. పటం చూసేవారికి ఆ తేడా తెలిసే దారి లేదు.

అమర్చుకునే క్రమం

సాధారణ డిటెక్టర్ షాఫ్టు రెండు, మూడు ముక్కలుగా ఉంటుంది. పై భాగం సాధారణంగా అల్యూమినియంతోనో కార్బన్ ఫైబర్‌తోనో చేస్తారు. కాయిల్‌కు తగిలించే కింది ముక్క మాత్రం ప్లాస్టిక్, ఫైబర్ వంటి లోహేతర పదార్థంతో ఉంటుంది. కారణం మీరు ఊహించగలరు: కాయిల్ పక్కనే లోహం ఉంటే పరికరం తన కర్రనే తాను పట్టుకుంటుంది. అందుకే కింది ముక్కను పూర్తిగా లోపలికి తోసి, లోహపు గొట్టాన్ని కాయిల్ దాకా తేవడం మంచిది కాదు.

ముందుగా, ఆ రోజు పనిలో వేసుకునే బూట్లు వేసుకోండి, సంచి తగిలించుకోండి. ఇంట్లో చెప్పులతో నిలబడి సరిచూసుకున్న పొడవు పొలంలో సరిపోకపోవచ్చు.

పొడవు కంటే ముందు సరిచేయవలసింది ముంజేయి ఒదిగే దోనె ఆకారపు ఆసరాను. దీన్ని ఆర్మ్‌రెస్ట్ అంటారు. పిడి పట్టుకున్నప్పుడు ఇది మోచేతికి కాస్త ముందు, ముంజేతి కింద ఉండాలి. చాలామంది దీన్ని మణికట్టుకు దగ్గరగా వదిలేస్తారు. అదెంత నష్టమో లెక్క వేసి చూడండి. పిడిని ఆధారబిందువు అనుకుందాం. అర కిలో కాయిల్ పిడికి 90 సెం.మీ. ముందు ఉంది. ఆర్మ్‌రెస్ట్ 30 సెం.మీ. వెనుక ఉంటే ముంజేతిపై పడే ఒత్తిడి 0.5 × 90 ÷ 30, అంటే 1.5 కిలోల బరువుకు సమానం. ఆర్మ్‌రెస్ట్ 20 సెం.మీ. దూరంలోనే ఉంటే అది 2.25 కిలోలు అవుతుంది. ఇక్కడ దూరాలన్నీ క్షితిజ సమాంతరంగా కొలిచినవి. షాఫ్టు బరువును వదిలేశాం. కొన్ని పరికరాల్లో బ్యాటరీలను మోచేతి వెనుక ఎందుకు పెడతారో ఈ లెక్కే చెబుతుంది.

తరువాత పొడవు. నిటారుగా నిలబడండి. భుజాలు వదులుగా, మోచేయి కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఆ స్థితిలో కాయిల్ నేలకు 2, 3 సెం.మీ. పైన, మీ పాదాలకు అడుగు, అడుగున్నర ముందు ఉంటే పొడవు సరిపోయినట్లు. నడుము వంచవలసి వస్తే షాఫ్టు పొట్టి. భుజం పైకి లేస్తే, లేదా కాయిల్ చాలా ముందుకు పోయి మణికట్టు లాగేస్తుంటే షాఫ్టు పొడవు. పై ఉదాహరణలోనే కాయిల్‌ను 75 సెం.మీ.కి దగ్గర చేస్తే 1.5 కిలోల ఒత్తిడి 1.25కి తగ్గుతుంది. అలాగని మరీ దగ్గర చేయకండి. కాయిల్ ఊపే వెడల్పు తగ్గిపోతుంది. బూట్లలో ఇనుప తొడుగు ఉంటే అది కూడా మోగుతుంది.

ఇప్పుడు కాయిల్ వంపు. పొడవు మార్చిన ప్రతిసారీ ఇది మారుతుంది. బోల్టు కొద్దిగా వదులు చేసి, కాయిల్‌ను నేలకు సమాంతరంగా ఉంచి, చేత్తోనే బిగించండి. అది ప్లాస్టిక్ బోల్టు. పటకారు వాడితే విరుగుతుంది. తీగను షాఫ్టు చుట్టూ బిగుతుగా చుట్టి, కాయిల్ దగ్గర మాత్రం వంగడానికి సరిపడా వదులు ఉంచండి. తీగ వేలాడితే ఊపినప్పుడల్లా తప్పుడు సంకేతాలు రావచ్చు. చివరగా లాకులు బిగించి, పది అడుగులు నడిచి చూడండి. సరైన పొడవు నిలబడినప్పటి కంటే నడిచినప్పుడే బాగా తెలుస్తుంది. వాలు నేలలోనూ ఎత్తైన గడ్డిలోనూ మళ్లీ ఒకటి రెండు మెట్లు మార్చుకోవలసి వస్తుంది. మందుపాతరలు తొలగించేవారు మోకాళ్లపై కూర్చుని పనిచేసేటప్పుడు షాఫ్టును బాగా కుదిస్తారు.

పిడిని గట్టిగా బిగించి పట్టుకోకండి. మోచేతి బయటివైపు నొప్పి, టెన్నిస్ ఎల్బో అంటారే, అది రావడానికి ఇలాంటి పట్టు ఒక కారణం. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ అధికారి యోజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన మందుపాతరల డిటెక్టర్ దాదాపు 14 కిలోలు ఉండేది. 1942లో ఎల్ అలమేన్ వద్ద సైనికులు దాన్ని మోస్తూ నడిచారు. నేటి పరికరాలు చాలావరకు ఒకటి నుంచి రెండు కిలోలే. అయినా అమరిక తప్పితే ఆ కొద్ది బరువే గంటలో మోయలేనిదవుతుంది.

ఇంట్లో చేసే అభ్యాసం

పరికరం లేకపోయినా దీన్ని అనుభవంలో తెలుసుకోవచ్చు. బూజుకర్ర చివర అర కిలో ఉప్పు ప్యాకెట్టు కట్టండి. ముందు కర్రను పొడవుగా, తరువాత దగ్గరగా పట్టుకుని, ప్యాకెట్టు నేలకు తగలకుండా ఐదేసి నిమిషాలు అటూ ఇటూ ఊపండి. నొప్పి మొదట ఎక్కడ తెలిసిందో, ప్యాకెట్టు ఎత్తు ఎప్పుడు మారిందో రాసుకోండి.

ఈ అభ్యాసం నేర్చుకున్న ఉత్సాహంతో ఊరి దిబ్బ మీద సొంతంగా వెతకడం మొదలుపెట్టకండి. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం నేరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

సర్వే బృందంలో ఇద్దరు ఒకే డిటెక్టరును వంతులవారీగా వాడుతున్నారు. ఒకరు 150 సెం.మీ., మరొకరు 178 సెం.మీ. ఎత్తు. పరికరం చేతులు మారిన ప్రతిసారీ ఏయే అమరికలను, ఏ క్రమంలో సరిచూడాలి? ఆ క్రమాన్ని తలకిందులు చేస్తే ఏం జరుగుతుంది? పది వాక్యాల్లో రాయండి.