చదరంగపు గళ్లలో ఇరవై అంకెలు

సైన్సు విద్యార్థి జేబులో ఉండే కాలిక్యులేటరులో 2కు 64వ ఘాతం నొక్కి చూడండి. 1.844674407 అని చూపి, పక్కన పదికి 19వ ఘాతం పెట్టి ఊరుకుంటుంది. మిగతా పది అంకెలు ఏమైనట్టు?

ఒక్క అంకె కూడా పోకుండా ఆ లెక్క మొత్తం ఒక తెలుగు పద్యంలో ఉంది. మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యంగా దానికి పేరు. మల్లన పదకొండో శతాబ్దంవాడంటారు. లెక్కలు తెలుగులో కుదరవనే మిత్రులు ఈ పద్యాన్ని ఒకసారి చూడాలి.

కథ మనందరికీ తెలిసిందే. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా 64 గళ్లూ నింపాలి. ఎక్కడ ఆగినా, అంతదాకా పోసినవన్నీ కలిపితే తరువాతి గడి కంటే ఒకటే తక్కువ. కాబట్టి మొత్తం, 2కు 64వ ఘాతంలో ఒకటి తక్కువ:

18446744073709551615

మాది చెయ్యేటి కింద వరి వేసే ఇల్లు గనుక వడ్లలోనే చెబుతాను. వెయ్యి గింజలు 25 గ్రాములు తూగితే ఇవి సుమారు 46,000 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. అంటే 570 ఏళ్లు దాటిన పంట!

పద్యంలో అంకెలు మాటలుగా ఉంటాయి. శరం అంటే 5, మన్మథుడి బాణాలు. గగనం సున్న. కుంజరం 8, దిగ్గజాలు. చివరి అంకె నుంచి వెనక్కి చదువుకోవాలి. ఒకచోట మాత్రం తికమక ఉంది. సముద్రాలు మనకు ఏడు గదా, ఈ పద్ధతిలో నాలుగే. పద్యంలో సముద్రం రెండుసార్లు వస్తుంది. రెండుచోట్లా 7 వేసుకుంటే?

లెక్కే పట్టిస్తుంది. 2 ఘాతాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 వచ్చి మళ్లీ మొదలవుతాయి. 64వ దానికి శేషం 7, ఒకటి తీసేస్తే 6. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87; 8, 7 కలిపితే 15; 1, 5 కలిపితే 6. సరిపోయింది. సముద్రాలను ఏడు చేస్తే మొత్తం 93 అయి చివరికి 3 తేలుతుంది. అయితే 0కు బదులు 9 పడినా, రెండంకెలు తారుమారైనా ఈ పరీక్షకు దొరకవు.

ఇంత పెద్ద సంఖ్యను విడదీయడం కష్టమనుకుంటాం. ఇంటర్మీడియట్ పిల్లవాడికి కూడా తెలిసిన వర్గాల భేదం సూత్రం చాలు. 2కు 32వ ఘాతం మీద ఒకటి కలిపినదీ, తీసినదీ గుణిస్తే మన సంఖ్య. ఒకటి తీసినదాన్ని మళ్లీ అలాగే విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా అంతేనని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ కాదని తేల్చాడు. దానికి కారణాంకం ఉంటే 64 గుణిజానికి ఒకటి కలిపినదిగానే ఉండాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577 పనికిరావు. అయిదోది 641 నిశ్శేషంగా భాగిస్తుంది. లబ్ధం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. కాలిక్యులేటరు పక్కన పెట్టి చేసినా ఈ భాగహారం అరఠావు కాగితంలో అయిపోతుంది.