పోలీస్ బాసే లంచం తీసుకుంటే పట్టుకునేదెవరు? దక్షిణాఫ్రికాలో జాకీ సెలెబీ కేసు ఏమైంది

2010 జులై 2. దక్షిణాఫ్రికాలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జరుగుతోంది. ఆ రాత్రి జోహన్నెస్‌బర్గ్‌లో ఘనా, ఉరుగ్వే క్వార్టర్ ఫైనల్. దేశమంతా మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్న ఆ రోజే, అదే నగరంలోని హైకోర్టు జాకీ సెలెబీని లంచం కేసులో దోషిగా తేల్చింది. ఆయన 2000 నుంచి 2008 వరకు దక్షిణాఫ్రికా పోలీస్ శాఖకు జాతీయ కమిషనర్. ఇంటర్‌పోల్‌కు కూడా అధ్యక్షుడిగా పనిచేశారు.

ఎస్ఐలు, సీఐలు ఏసీబీకి చిక్కిన వార్తలు మనం వారానికొకటి చదువుతూనే ఉంటాం. కానీ దేశం మొత్తానికి పోలీస్ అధిపతి అయిన వ్యక్తిపై కేసు పెట్టాలంటే, ఆ ఫైలు ఎవరి టేబుల్ మీద మొదలవ్వాలి? ఈ కేసులో అసలు ప్రశ్న అది.

ఎవరీ సెలెబీ?

సెలెబీ పోలీస్ ఉద్యోగంలో కింది నుంచి పైకొచ్చిన మనిషి కాదు. మొదట టీచర్. వర్ణవివక్ష ప్రభుత్వం ఉన్న రోజుల్లో దేశం విడిచి వెళ్లి, ప్రవాసంలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) యువజన విభాగాన్ని నడిపారు. 1994లో ఎంపీ అయ్యారు. ఆ తర్వాత జెనీవాలో ఐక్యరాజ్యసమితి వద్ద దక్షిణాఫ్రికా రాయబారిగా ఉన్నారు. 1998లో ఐరాస మానవ హక్కుల కమిషన్ సమావేశాలకు అధ్యక్షత వహించారు. మందుపాతరల నిషేధ ఒప్పందం కోసం 1997లో ఓస్లోలో జరిగిన చర్చలను నడిపించిందీ ఆయనే. అప్పట్లో ఆయనకు మంచి పేరే ఉంది. ఆ పేరు చూసే 2000లో పోలీస్ శాఖను అప్పగించారు. 2004లో ఇంటర్‌పోల్ అధ్యక్ష పదవీ వచ్చింది.

ఇదే కాలంలో ఆయనకు గ్లెన్ అగ్లియోటీ అనే వ్యాపారితో స్నేహం బాగా పెరిగింది. అగ్లియోటీ డ్రగ్స్ స్మగ్లింగ్‌లో ఉన్నాడు. 2005 సెప్టెంబర్‌లో గనుల వ్యాపారి బ్రెట్ కెబుల్ జోహన్నెస్‌బర్గ్‌లో కారులో ఉండగా కాల్పుల్లో చనిపోయాడు. ఆ దర్యాప్తు తీగ లాగితే అగ్లియోటీ, అతని వెనకే పోలీస్ కమిషనర్ పేరు బయటికొచ్చాయి. విలేకరులు అడిగితే సెలెబీ దాచలేదు. అగ్లియోటీ తన స్నేహితుడేనని, అంతటితో మాట అయిపోయిందని తేల్చేశారు.

ఎంత తీసుకున్నారు, బదులుగా ఏమిచ్చారు?

ప్రాసిక్యూషన్ మోపిన ఆరోపణ 12 లక్షల రాండ్‌లకు పైనే. కోర్టులో రుజువైంది మాత్రం కనీసం 1,66,000 రాండ్‌లు. అప్పటి మారకం రేటులో దాదాపు 10 లక్షల రూపాయలు. కొంత నగదు, కొంత బట్టలు, బూట్ల బిల్లులు. ఇంత పెద్ద కుర్చీకి ఇంత చిన్న మొత్తమా అనిపిస్తుంది. ఆశ్చర్యపోవాల్సింది దాని గురించి కాదు. డబ్బుకు బదులుగా ఏం ఇచ్చారన్నది చూడాలి.

అగ్లియోటీపై బ్రిటన్ అధికారులు డ్రగ్స్ విషయంలో ఆరా తీస్తున్నారని చెప్పే రహస్య నివేదికను సెలెబీ అతనికే చూపించారు. 2005 నాటి అత్యంత రహస్య నిఘా పత్రాన్ని కూడా. అంటే దొంగకు తన మీద నిఘా ఉందన్న కబురు పోలీస్ బాస్ చేతుల మీదుగానే చేరింది. అవతల అగ్లియోటీ చెక్ బుక్ కౌంటర్‌ఫాయిళ్ల మీద ‘క్యాష్ కాప్’ వంటి రాతలు దొరికాయి. లంచం ఇచ్చినవాడే చెక్ బుక్‌లో లెక్క రాసుకున్నాడన్నమాట! చివరకు అతనే ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పాడు.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. దక్షిణాఫ్రికా 2004 అవినీతి నిరోధక చట్టం ప్రకారం, లంచం తీసుకున్న అధికారి ‘నేను ఆ పని చేసిపెట్టలేదు’ అనో, ‘ఆ పని చేసే అధికారమే నాకు లేదు’ అనో తప్పించుకోలేడు.

పట్టుకున్నదెవరు?

పోలీసులు కాదు. ‘స్కార్పియన్స్’ అనే దర్యాప్తు విభాగం. మన దగ్గర ఏసీబీని నడిపేది ఐపీఎస్ అధికారులే. స్కార్పియన్స్ అలా కాదు, అది పోలీస్ శాఖ కింద ఉండేది కాదు. కేసులు వాదించే నేషనల్ ప్రాసిక్యూటింగ్ అథారిటీ కింద ఉండేది. దర్యాప్తు చేసేవాళ్లు, ప్రాసిక్యూటర్లు ఒకే గొడుగు కింద పనిచేసేవారు. పోలీస్ కమిషనర్ సంతకం కోసం ఎదురుచూడాల్సిన పని వాళ్లకు లేదు.

అయినా అంత తేలిగ్గా సాగలేదు. 2007 సెప్టెంబర్‌లో ప్రాసిక్యూటింగ్ అథారిటీ అధిపతి వూసీ పికోలీ సెలెబీ అరెస్టుకు వారెంట్ తెచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే అధ్యక్షుడు థాబో ఎంబెకీ పికోలీని సస్పెండ్ చేశారు. న్యాయశాఖ మంత్రితో ఆయనకు పొసగడం లేదన్నది చెప్పిన కారణం. వారెంట్ కూడా రద్దయింది. కానీ ఫైలు మూతపడలేదు. పికోలీ స్థానంలో వచ్చిన అధికారులు సాక్ష్యాలను మళ్లీ పరిశీలించి, కేసు పెట్టాల్సిందేనని తేల్చారు. 2008 జనవరిలో సెలెబీని సెలవుపై పంపారు. ఇంటర్‌పోల్‌కు ఆయనే రాజీనామా చేశారు.

2010 ఆగస్టు 3న కోర్టు 15 ఏళ్ల జైలు శిక్ష వేసింది. 2011 డిసెంబర్‌లో అప్పీలూ వీగిపోవడంతో జైలుకు వెళ్లారు. మూత్రపిండాలు దెబ్బతినడంతో 2012 జులైలోనే మెడికల్ పెరోల్‌పై బయటికొచ్చారు. 15 ఏళ్ల శిక్షలో జైల్లో ఉన్నది ఎనిమిది నెలలు కూడా కాదు. దీనిపై అక్కడి జనంలో కోపం బాగానే వచ్చింది. 2015 జనవరిలో ఆయన మరణించారు. కేసు నడిచినన్నాళ్లూ లాయర్ల ఫీజులు ప్రభుత్వమే కట్టింది. 1.7 కోట్ల రాండ్‌లకు పైగా అయిన ఆ బిల్లును, శిక్ష పడ్డాక తిరిగి చెల్లించమని అడిగింది. లంచంగా రుజువైన మొత్తానికి అది వంద రెట్లు.

పట్టుకున్నవాళ్లు ఏమయ్యారు?

పికోలీ పదవికి తగినవాడేనని విచారణ సంఘం చెప్పింది. అయినా ఉద్యోగం పోయింది. స్కార్పియన్స్ విషయం ఇంకా విచిత్రం. ఆ విభాగం జాకబ్ జుమా మీద కూడా దర్యాప్తు చేసింది. 2007 డిసెంబర్‌లో ఏఎన్‌సీ పగ్గాలు జుమా చేతికి వచ్చిన మహాసభలోనే దాన్ని రద్దు చేయాలని తీర్మానించారు. 2008 అక్టోబర్‌లో పార్లమెంటు ఆమోదించింది. సెలెబీ విచారణ మొదలయ్యేనాటికి, ఆయన్ను పట్టుకున్న విభాగమే లేదు. దాని స్థానంలో వచ్చిన ‘హాక్స్’ను తీసుకెళ్లి పోలీస్ శాఖలోనే పెట్టారు.

ఒక వ్యాపారి దీనిపై కోర్టుకెక్కారు. 2011 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం 5-4 మెజారిటీతో, హాక్స్‌కు తగినంత స్వతంత్రత లేదని తీర్పు చెప్పింది. చట్టాన్ని సరిచేయడానికి పార్లమెంటుకు 18 నెలల గడువిచ్చింది. మార్పులైతే చేశారు గానీ, హాక్స్ మాత్రం పోలీస్ శాఖలోనే ఉండిపోయింది. అవినీతిపై దర్యాప్తు చేసే శాశ్వత విభాగం మళ్లీ ప్రాసిక్యూటింగ్ అథారిటీ కిందకు వచ్చింది 2024లో. స్కార్పియన్స్‌ను రద్దు చేస్తూ పార్లమెంటు ఓటేసిన 16 ఏళ్లకు.